జాంగ్రీ సూది రిజిస్టరు

పిల్లికి షుగర్ వస్తే కావలసింది ఇన్సులిన్ కాదు, పరిపాలన. మేడ్చల్ ప్రాంతంలో ఈ సత్యాన్ని మొదట కనుగొన్న ఘనత పెళ్లయి నాలుగు నెలలైన జాన్సన్‌కే దక్కాలి.

జాంగ్రీ అతని భార్య ప్రిస్కిల్లా పుట్టింటి నుంచి తెచ్చుకున్న పిల్లి. (షుగర్ బయటపడ్డాక పేరు మారుద్దామనుకున్నారు గానీ, అప్పటికే ఆస్పత్రి కార్డులోకి ఎక్కిపోయింది.) కౌకూర్‌లో పశువుల డాక్టర్ శైలజ చెప్పింది చిన్న మాటే. పొద్దున ఏడింటికి, సాయంత్రం ఏడింటికి, తిండి తిన్నాక రెండేసి యూనిట్లు. ఒక పూట తప్పితే సర్దుకోవచ్చు. ఒకే పూట మొగుడూ పెళ్లామూ చెరోసారి వేస్తే మాత్రం పిల్లి దక్కదు.

ఆ చివరి మాటకు ప్రిస్కిల్లా పిల్లిని ఒళ్లోకి లాక్కుంది. జాన్సన్ మాత్రం వెళ్లి రిజిస్టరు కొనుక్కొచ్చాడు.

మేడ్చల్‌లో ఒకానొక ప్రభుత్వ కార్యాలయంలో అతనిది రికార్డుల సీటు. ఎర్రగీతలు కొట్టి, తేదీ, పూట, యూనిట్లు, పిల్లి ప్రవర్తన (సంతృప్తికరం లేదా గోకినది), సంతకం అని గళ్లు కట్టి, అలియాబాద్‌లోని తమ ఇంట్లో ఫ్రిజ్ మీద ప్రతిష్ఠించాడు. మొదటి పేజీలో నియమాలు. నాలుగోది: 'సంతకమున్న పూటకు ఎట్టి పరిస్థితుల్లోనూ మళ్లీ సూది వేయరాదు.' ప్రిస్కిల్లా మురిసిపోయింది. పెళ్లినాడు పక్కనే నిలబడి, అతను చర్చి రిజిస్టరులో సంతకం పెడుతుంటే చూసినప్పుడు కూడా ఇంతగా మురవలేదు.

పొద్దుటి సూది ఆమెది. దుండిగల్‌లో కాలేజీ పాఠాలు ముగించి, షేర్ ఆటోలు మారి ఇల్లు చేరేసరికి ఎనిమిది గనుక సాయంత్రపుది అతనిది. రోజూ వస్తూనే రిజిస్టరు తెరిచేది. సంతకం ఉండేది. ఆ గుండ్రటి అక్షరాలను వేలితో ఒకసారి తడిమి, హాయిగా టీ పెట్టుకునేది.

పన్నెండు రోజులు గడిచేసరికి జాంగ్రీ బక్కెట్లో తలపెట్టి గేదెలా నీళ్లు తాగుతోంది. పక్కటెముకలు తేలాయి. భుజాలెక్కే పిల్లి సోఫా కూడా ఎక్కలేక, కిందినుంచే చూసి ఊరుకుంది. మర్నాడు సూది వేయకముందే కౌకూర్ తీసుకెళ్తే, షుగర్ నాలుగు వందల ఇరవై!

"రెండు పూటలా ఏస్తున్నరా?" అన్నారు డాక్టర్.

జాన్సన్ వినయంగా రిజిస్టరు ముందుకు జరిపాడు. ఆమె పేజీలు తిప్పారు. ఒక్క గడి ఖాళీ లేదు.

"అయితే డోసు సాల్తలేదు. మూడు యూనిట్లు జేద్దాం," అని చీటీలో రాశారు. "సూదులెన్ని మిగిలినయి? కొత్త ప్యాకెట్ రాస్త."

ప్రిస్కిల్లా సంచీలోంచి ప్యాకెట్ తీసి లెక్కపెట్టింది. పూటకొకటి చొప్పున ముప్పైలో ఆరు మిగలాలి. పదహారున్నాయి. మళ్లీ లెక్కపెట్టింది.

"జాన్సన్, సాయంత్రం నువ్వు ఏస్తున్నవ్ గదా?"

"మొదటి రెండు రోజులు ఏసిన. తర్వాత ఎట్లేస్త? సంతకమున్నది."

"ఎవ్వల సంతకం?"

"నాదే. మూడో రోజు నుంచి, పొద్దుగాల నీ సంతకమైనంక సాయంత్రానిది గూడ పెట్టేస్తున్న. మా సెక్షన్ల అందరం గంతే."

"మరి సూది?"

"సాయంత్రమొచ్చి జూస్తే సంతకముంటది. మల్లేస్తే డబలైతది, పిల్లి సస్తదని మేడమే అన్నరు గదా!"

(అతను అబద్ధమాడలేదు. ఆరేళ్ల సర్వీసులో ఏ సంతకాన్నీ అనుమానించి ఎరుగడు, తన సంతకాన్ని అసలే.)

డాక్టర్ చీటీలో మూడు కొట్టేసి మళ్లీ రెండు రాశారు. "ఇన్ని రోజులు మందు కాయితానికి పడ్డది. ఇగ పిల్లికి ఏయుండ్రి. రెండు పూటలా మూడేసి ఏసుంటే షుగర్ పడిపోయి ఏమయ్యేదో తెల్సా?"

ఆటోలో ప్రిస్కిల్లా శామీర్‌పేట దాకా ఒడిలో పిల్లి ఎముకలు తడుముతూనే ఉంది.

"కోపమొచ్చిందా?" అన్నాడు జాన్సన్.

"నా మీదనే. రోజూ వచ్చి నీ సంతకం జూసిన, పిల్లిని జూడలే."

కొత్త నియమం అమల్లోకి వచ్చింది: ముందు సూది, తర్వాతే సంతకం. మూడు వారాలకు జాంగ్రీ మళ్లీ భుజమెక్కింది. ఒక ఆదివారం సాయంత్రం జాన్సన్ సూది వేసి, కలం తీశాడు.

"ప్రిస్కీ, పని జేసినంకనే సంతకం బెట్టాలంటే, మా ఆఫీసుల ఒక్క రిజిస్టరు గూడ నిండది."

ఆమె పడీపడీ నవ్వింది. అతను నవ్వలేదు.