కండక్టరమ్మ అద్దె దండయాత్ర

సకల పైకప్పుల క్రింద తలదాచుకొను జనులారా, చెవులొగ్గి వినుడు! ఆదివార ప్రభాతమున, ఎదురింటి కుక్క ఆవులించిన శుభముహూర్తమున, రెండంతస్తుల యింటి పైవాటాలో, కిక్కిరిసిన బస్సులను కంఠనాదమాత్రమున ముందుకు జరిపించు ధీరురాలు, టికెట్ల సంచీధారిణి, మన కండక్టరమ్మ, నడుము బిగించి యుద్ధసన్నద్ధయై నిలిచెను.

సమరకారణమేమనగా, క్రిందివాటాలో నివసించు గృహాధిపతి, త్రైరాశిక విశారదుడు, విశ్రాంత లెక్కల మాస్టారు, వచ్చేనెల నుండి అద్దె ఇరవై శాతము పెంచుచున్నానని మెట్ల మొదట నిలిచి ప్రకటించెను. ఆ వార్త విన్నది మొదలు ఆమెకు ముద్ద దిగలేదు. ఏలయన, చూపు మందగించిన ఆమె అత్తగారు ఈ భూమండలమున ఆ మూడు గదులలో మాత్రమే ఒకరి చేయి పట్టక తిరుగాడగలదు. పొయ్యి ఎచటనో, గడప ఎచటనో ఆ పాదములకు కంఠస్థము. ఇల్లు మారినచో ఆ పెద్దామె మంచమునకు పరిమితము కావలసినదే.

అందుచేత కండక్టరమ్మ గడచిన శుక్రవారమే సెలవు పెట్టి పురపాలక కార్యాలయమునకేగి ఒక దివ్యాస్త్రమును సంపాదించెను. అది మార్గదర్శక పత్రము. ఏటా అద్దె ఐదు శాతమునకు మించి పెంచకుండుట మేలని అందు లిఖింపబడియుండెను. కాని హా, ఆ అస్త్రమునకు మొన లేదు! అది చట్టము కాదట, సలహాయట. ఇష్టమున్నవారు పాటింతురట, లేనివారినెవరూ ఏమనరట. గుమాస్తా జాలిపడుచు చెప్పి పంపెను.

మొనలేని ఆ బాణమునే చేబూని ఆమె మెట్లు దిగెను. వసారాలో కుర్చీయే సింహాసనముగా, నుదుటిపైకి నెట్టిన కళ్లజోడే కిరీటముగా, వార్తాపత్రికయే డాలుగా మాస్టారు కొలువుదీరియుండెను. కాగితము చదివి చిరునవ్వు నవ్వెను.

"చట్టం కాదుగా అమ్మాయ్. తప్పనిసరి అన్న మాటే లేదిందులో."

పిమ్మట కాలిపోయిన నీటి మోటారును, గోడల రంగు ఖర్చును శరపరంపరగా కురిపించెను. కండక్టరమ్మ అన్నిటికీ తలయూపి, అవి తీరిన పిదప నెమ్మదిగా పలికెను.

"తప్పనిసరి కాదు కాబట్టే మీ దగ్గరికి తెచ్చాను మాస్టారూ. చట్టమైతే ఎవరైనా భయపడి పాటిస్తారు, అందులో గొప్పేముంది? మా బస్సులో పెద్దవాళ్లకి సీటివ్వకపోతే ఎవరూ జైల్లో పెట్టరు. అయినా రోజూ ఎవరో ఒకరు లేస్తారు. వాళ్లని చూసే నాకింకా ఈ ఉద్యోగం విసుగు పుట్టలేదు."

మాస్టారి డాలు మడతపడెను. అంతలో వెనుకనుండి, వంటయింటి కోటద్వారమున, అర్ధాంగి స్వరము మెరుపుదాడి చేసెను.

"ఈ అమ్మాయి అత్తగారు వెళ్లిపోతే సాయంత్రం నాతో కబుర్లాడేదెవరు? మీరా?"

కిరీటము జారి ముక్కుపై పడెను. మాస్టారు దానిని తిరిగి నుదుటికెక్కించుకొనెను.

"సరే. కానీ ఎవరో సలహా ఇస్తే తలూపేశానన్న మాట నాకొద్దు. ఐదున్నర."

"ఐదుంపావు మాస్టారూ. మీ మాటా నిలుస్తుంది, మేమూ నిలుస్తాం."

లెక్కల కోవిదుడు ఆకాశము వంక చూచి, ఆ పావును తన పరువునకు సరిపడు కప్పముగా స్వీకరించి, అట్లే కానిమ్మనెను.

దిక్కులారా, ఆలకింపుడు! శాతసంహారిణి, మృదుభాషణాస్త్రకోవిద, అపరాజిత కండక్టరమ్మ, పైవాటా సామ్రాజ్యమును ఒక యేడాది పాటు నిలబెట్టుకొని, జయజయధ్వానములేవియు లేకున్నను దిగ్విజయ గర్వమున, నానబెట్టిన బట్టలుతుకుటకై మెట్లెక్కిపోయెను.