బల్బు మాస్టారి విదేశీ యాత్ర

ఆ రోజు పొద్దున పళ్ళు తోముకుంటూ ఈత మాస్టారు వేసుకున్న పథకం చాలా సాదాసీదాది. శుక్రవారం విమానం ఎక్కడం, శనివారం పరాయి దేశంలో తల నిండా జుట్టు నాటించుకోవడం, సోమవారానికల్లా ఇంట్లో కూర్చుని కాఫీ తాగడం. ఆ వచ్చే ఆదివారం సరస్సు పోటీ. అందులో కూతురు గెలుస్తుంది, పేపరు ఫొటోగ్రాఫరు వస్తాడు, కూతురి పక్కన తాను జుట్టున్న మనిషిలా నిలబడతారు. అద్దంలో మాత్రం ఎప్పటిలాగే ఈ చెవి నుంచి ఆ చెవి దాకా ఖాళీ మైదానం కనిపిస్తోంది. దాన్ని చూసి ఆయన, "నీ పని అయిపోయిందిలే" అన్నారు.

నిజానికి తల గురించి ఆయనకి ఏనాడూ బెంగ లేదు. పడుచు వయసులోనే బట్టతల వచ్చింది, వస్తే వచ్చిందిలే అనుకున్నారు. బెంగంతా పోయినేడు మొదలైంది. కూతురు సరస్సు పోటీలో మూడో స్థానంలో వస్తే తండ్రీకూతుళ్ళని పక్కపక్కన నిలబెట్టి ఫొటో తీశారు. మర్నాడు పేపర్లో చూద్దురు కదా, మాస్టారి తల మీద ఎండ పడి తళుక్కుమని, ఆ మెరుపులో అమ్మాయి ముఖం కాస్తా కొట్టుకుపోయింది! పతకం ఉంది, మెడ ఉంది, దాని పైన వట్టి వెలుగు ఉంది. అమ్మాయి పకపకా నవ్వి ఆ ముక్క కత్తిరించి దాచుకుంది. మాస్టారు నవ్వలేదు. దానికి తోడు ఒకరోజు బట్టలు మార్చుకునే గదిలో పిల్లల మాటలు చెవిన పడ్డాయి. "బల్బు మాస్టారు ఉన్నంతవరకూ మనకేం భయం లేదు" అనుకుంటున్నారు వాళ్ళు. ఆయనకి బల్బు అన్న మాట ఒక్కటే వినిపించింది. మిగతాది పట్టించుకోలేదు.

అలా నొచ్చుకోవలసిన మనిషేనా ఆయన? బక్కెట్లో నీళ్ళు చూసినా వణికే బ్యాంకు మేనేజరు చేత కొలను ఈ చివర నుంచి ఆ చివరికి ఈదించిన ఘనుడు. ఒక్క పిల్లనీ ఒక్క పిల్లాడినీ ఏరా అని కసిరి ఎరుగరు. సరస్సులో సాధన ఉన్న రోజున ఎండైనా గాలైనా గమ్యం దగ్గర స్టూలెక్కి, చేతిలో ఎర్రజెండా ఊపుతూ, "నన్ను చూసి రండి! నన్ను చూసి రండి!" అని గొంతు పోయేలా అరుస్తారు. ఆ ఎర్రజెండా తన సొంత ఆలోచన అని ఆయనకి లోలోపల కాస్త గర్వం కూడా ఉంది. పక్క క్లబ్బువాళ్ళు బెలూన్లు కడతారు గానీ, జెండాకి బెలూను సాటా?

బయల్దేరే ముందు చర్మవైద్యురాలైన అక్కకి ఫోను చేశారు.

"అక్కా, మా ఫ్రెండొకడు జుట్టు గురించి అడగమన్నాడు."

"మీ ఫ్రెండుకి కూడా నీలాగే ఎడమ చెవి మీద పుట్టుమచ్చ ఉందేంట్రా?"

"అబ్బ, చెప్పక్కా!"

"సరే, మీ ఫ్రెండుకి చెప్పు. ఇప్పుడు మంచి మందులే వస్తున్నాయి. రాసుకునేవున్నాయి, మింగేవున్నాయి, నిద్రపోతున్న కుదుళ్ళని లేపడానికి కొత్తవాటి మీద పరీక్షలు కూడా జరుగుతున్నాయి. నాకూ ఆశగానే ఉంది. కానీ నిద్రపోయేవాణ్ణి లేపొచ్చు గానీ, ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయినవాడి తలుపు ఎంత కొట్టి ఏం లాభం?"

"మరి విదేశాల్లో నాటుతున్నారట కదా, ఒక్క రోజులో?"

"నాటేవాళ్ళలో మంచివాళ్ళూ ఉన్నారు, దేశాన్ని అనకూడదు. సూది పట్టుకునేది డాక్టరా, ఇంకెవరైనానా అన్నది చూసుకోవాలి. రేపు చీము పట్టిందనుకో, వాడక్కడ, నువ్విక్కడ. పైగా నాటిన జుట్టు ముందు రాలిపోతుంది, మళ్ళీ మొలవడానికి నెలలు పడుతుంది. ఒరేయ్, వింటున్నావా?"

అప్పటికే టికెట్టు కొనేసిన మనిషికి ఇలాంటివి చెవికెక్కవు. "మా ఫ్రెండుకి చెబుతాలే" అని పెట్టేశారు.

ఇంట్లో భార్యకి ఏం చెప్పాలి? "విదేశంలో ఈత శిక్షకులకి శిబిరం ఉందటోయ్, పిలిచారు" అన్నారు. ఆవిడ సంతోషం పట్టలేక క్లబ్బు సెక్రటరీకి చెప్పింది. ఈ సెక్రటరీగారికి ఎదుటివాళ్ళ వాక్యం సగంలో ఉండగానే తానే పూర్తి చేసే అలవాటుంది. "మా ఆయన్ని శిబిరానికి..." అనేసరికే, "ప్రత్యేక అతిథిగా పిలిచారన్నమాట!" అన్నాడు. సాయంత్రానికల్లా క్లబ్బు గోడ మీద ఇంత పొడుగు బ్యానరు. కొత్త విదేశీ పద్ధతులు నేర్చుకు వస్తున్న మా మాస్టారికి అభినందనలు! మాస్టారు దాని కిందనుంచి తలొంచుకుని విమానాశ్రయానికి వెళ్ళారు.

అక్కడ దిగగానే నల్లకళ్ళద్దాల డ్రైవరొకడు ఆయన ఫొటో పట్టుకుని నిలబడి ఉన్నాడు. దారంతా ఒకే పాట ఈల వేస్తూ వ్యాను నడిపాడు. ఆస్పత్రి పాలరాతి మెట్లతో ధగధగలాడిపోతోంది. గోడ నిండా ఒక డాక్టరుగారి నవ్వు ముఖం. ఒకమ్మాయి వచ్చి ఊదారంగు పెన్నుతో మాస్టారి నుదుటి మీద జుట్టు ఎక్కడ మొదలవ్వాలో గీత గీసి, నడినెత్తిన గళ్ళు గీసి, ఒక ఆకుపచ్చ గౌను తొడిగించి కూర్చోబెట్టింది.

పక్క కుర్చీలో ఏ దేశంవాడో ఒక పెద్దమనిషి ఉన్నాడు. మాస్టారు పలకరింపుగా నవ్వితే అతను నవ్వలేదు సరికదా, మెల్లగా వెనక్కి తిరిగి తల వెనక భాగం చూపించాడు. మేక మేసిన పెరడులా ఉంది. ముందు నాటడానికి వెనకంతా ఊడబెరికారట. ఇప్పుడు ఆ తప్పు సరిచేయించుకోవడానికి మళ్ళీ వచ్చాడట. సైగలతోనే ఇదంతా చెప్పి కళ్ళు తుడుచుకున్నాడు.

మాస్టారు ఎదురుగా వచ్చిన అమ్మాయిని ఫోన్లోని అనువాదం సాయంతో, "డాక్టరుగారెక్కడ?" అని అడిగారు. ఆ పిల్ల ఎంతో మర్యాదగా గోడమీది ఫొటో చూపించింది. ఈలోగా లోపలి గదిలోంచి మాస్కు కట్టుకున్న మనిషొకడు సూది పట్టుకుని వచ్చాడు. ఈల వేస్తున్నాడు. అదే పాట!

"అమ్మబాబోయ్, వ్యాను డ్రైవరు!"

ఆ తర్వాత మాస్టారు పరుగెత్తిన పరుగు చూసి ఉంటే ఆయన్ని ఈతకి కాదు, పరుగు పందేలకి శిక్షకుడిగా పెట్టుకునేవారు. సంచీ చంకన పెట్టుకుని ఆకుపచ్చ గౌను మీదే టాక్సీ ఎక్కేశారు. తల ఉన్నది ఉన్నట్టు దక్కింది, అదే పదివేలు. చిక్కల్లా ఆ గీతతోనే వచ్చింది. సబ్బుకి పోదు, నూనెకి పోదు, తువ్వాలు పెట్టి రుద్దితే తల ఎర్రబడింది గానీ గీత మరింత నిగనిగలాడింది. టోపీ పెట్టుకుంటే ఇంట్లో కూతురు సరదాకి లాగేస్తుంది. ఆలోచించి ఆలోచించి, శిక్షకుల సంచీలో ఎప్పుడూ ఉండే గాజుగుడ్డ తీసి తలంతా కట్టు కట్టేసుకున్నారు. దెబ్బ తగిలినవాడి తల ఎవరు ముట్టుకుంటారు?

ఇంటి గుమ్మంలోనే సెక్రటరీ ఎదురయ్యాడు. "అయ్యో మాస్టారూ! ఏమైందండీ?"

"ఏంలేదండీ, అక్కడ ఒకాయన నీళ్ళలో..."

"మునిగిపోతుంటే దూకేశారా!"

"అది కాదండీ, గట్టుకి..."

"తల కొట్టుకున్నా వదలకుండా ఒడ్డుకి చేర్చారా! ఆహా! ఇంకేం చెప్పకండి, మీరు చెప్పుకోరు, మీ సంగతి మాకు తెలీదూ?"

ఇంకేం చెప్పకండి అన్నాడు కదా అని మాస్టారు ఇంకేం చెప్పలేదు. ఆ ఊరుకోవడమే కొంప ముంచింది. సరస్సు పోటీ రోజున మునిసిపల్ చైర్మన్ చేతుల మీదుగా మాస్టారికి సాహస పురస్కారం ఖాయమైపోయింది. భార్య మాత్రం ఏమీ అడగలేదు. మర్నాడు పొద్దున కట్టు వంక ఒకసారి, ఊదా మరకలంటిన దిండు గలీబు వంక ఒకసారి చూసి, "కాఫీ తాగండి" అంది. కూతురు ఆయన్ని వాటేసుకుని, "నాన్నా, నువ్వు గ్రేట్! ఈసారి నేను గెలిచి తీరాలి, గెలిస్తేనే రాష్ట్రం జట్టులోకి తీసుకుంటారు" అంది. మాస్టారికి ఆ పూట అన్నం సహించలేదు.

ఆదివారం ఎండ బ్రహ్మాండంగా కాసింది. పోటీ అవతలి ఒడ్డున మొదలై ఇవతలి ఒడ్డున, పడవల షెడ్డు ముందు ముగుస్తుంది. మాస్టారు తలకట్టుతో స్టూలెక్కి ఎర్రజెండా ఊపడం మొదలుపెట్టారు. చైర్మన్‌గారు పోటీని దగ్గరనుంచి చూస్తానని సరదాపడి చిన్న పడవలో సరస్సు మధ్యకి వెళ్ళారు. ఆయనకి ఈత రాదు, పైకి చెప్పరు గానీ నీళ్ళంటే హడలు. తల మీద ఒక్క వెంట్రుక లేదు.

ఈల మోగింది. పిల్లలు చేపల్లా బయల్దేరారు. మాస్టారి కూతురే అందరికంటే ముందుంది. సగం దూరం వచ్చాక తల ఎత్తి చూసింది, మళ్ళీ చూసింది. ఉన్నట్టుండి పక్కకి తిరిగింది. ఆ వెనకే క్లబ్బు పిల్లలంతా తిరిగారు. అందరూ కలిసి తిన్నగా చైర్మన్‌గారి పడవ మీదికి వస్తున్నారు!

"అదిగో!" అన్నాడు మైకులో సెక్రటరీ. "మాస్టారు నేర్పిన కొత్త విదేశీ పద్ధతి! వంపు తిరిగి వస్తున్నారు చూడండి!"

చైర్మన్‌గారు ముందు చెయ్యి ఊపారు, తర్వాత ఊపడం మానేశారు. "వీళ్ళు నా మీదికెందుకొస్తున్నారయ్యా? పోనీ, పోనీ!" అని పడవవాడి మీద కేకలేశారు. పడవ ఎటు పోతే పిల్లలు అటే. భయంతో ఆయన లేచి నిలబడేసరికి తల ఇంకా ఎత్తున మెరిసింది. పిల్లలు రెట్టించిన ఉత్సాహంతో బారలు వేశారు. పడవ ఊగుతోంది. ఇవతల మాస్టారు జెండా ఊపీ ఊపీ చెయ్యి నొప్పెట్టి, "ఇటు! నన్ను చూసి రండి!" అని ఏడుపు గొంతుతో అరుస్తున్నారు.

పక్కన నిలబడ్డ భార్య మెల్లగా అంది. "జెండా ఎవరికి కనిపిస్తుందండీ? వెనకాల షెడ్డంతా ఎరుపే కదా. నేనూ ఆడవాళ్ళ బ్యాచ్‌లో ఈ సరస్సు ఈదినదాన్నే. నీళ్ళలోంచి చూస్తే ఆ జెండా లేదు, మీరు లేరు. ఎండలో మెరిసే మీ తల ఒక్కటే కనిపిస్తుంది. పిల్లలు మిమ్మల్ని బల్బు మాస్టారు అనేది అందుకే."

మాస్టారు జెండా దించి తల తడుముకున్నారు. "మరి ఈ కట్టు..."

"విప్పండి. ఊదారంగు గీత నాకు తెలుసు, దిండు గలీబే చెప్పింది. మీ అక్కయ్య మిగతాది చెప్పింది."

ఎదురుగా వేదిక. దాని మీద పురస్కారం. కుర్చీల నిండా జనం. కట్టు విప్పితే పరువు ఏ సరస్సులో కలుస్తుందో మాస్టారికి తెలుసు. సరస్సులో మాత్రం కూతురు దారి తప్పి ఈదుతోంది. ఆయన రెండో ఆలోచన చెయ్యలేదు. కట్టు పట్టుకుని సర్రున లాగేశారు. అలా ఉండాలి మనిషంటే!

ఎండ వచ్చి తల మీద పడింది. గీతలూ గళ్ళూ ఉన్నా మెరుపుకి ఏ లోటూ రాలేదు. నీళ్ళలో అమ్మాయి తల ఎత్తింది. అంతే, బాణంలా ఇటు తిరిగింది. గాలికి పక్క క్లబ్బు బెలూను ఎప్పుడో ఎగిరిపోయి ఆ పిల్లలు కూడా తడుముకుంటున్నారు. చివరి బారలో జానెడు తేడాతో మాస్టారి కూతురే మొదట ఒడ్డు ముట్టింది. మాస్టారు స్టూలు మీదే బావురుమన్నారు.

సెక్రటరీ పరుగెత్తుకొచ్చి ఆ తలని తేరిపార చూశాడు. "గాయమేదండీ?"

పోటీకి వైద్యురాలిగా వచ్చిన అక్క అందుకుంది. "గాయం లోపల తగిలిందండీ. ఇప్పుడే నయమైంది."

మాస్టారు కళ్ళు తుడుచుకుని మైకు తీసుకున్నారు. "క్షమించండి. నేను శిబిరానికి వెళ్ళలేదు. జుట్టు కోసం వెళ్ళి, భయపడి పారిపోయి వచ్చాను. నేను ఎవరినీ కాపాడలేదు. ఈ పురస్కారం నాకొద్దు."

సెక్రటరీకి మొదటిసారిగా ఎదుటివాళ్ళ వాక్యం ఎలా పూర్తి చెయ్యాలో తోచలేదు. అప్పుడు ఒడ్డున పడవలోంచి చైర్మన్‌గారు వణుకుతూ దిగి వచ్చారు.

"ఎవరినీ కాపాడలేదంటారేంటండీ!" అన్నారు ఆయన ఆయాసపడుతూ. "అంతమంది నా పడవ మీదికొస్తుంటే, మీరు ఆ కట్టు విప్పకపోయుంటే ఈపాటికి నేనెక్కడుండేవాణ్ణి? నా ప్రాణం కాపాడిన మనిషండీ మీరు!" అని మాస్టారిని కావలించుకుని, పురస్కారం చేతిలో పెట్టేశారు. చప్పట్లు మారుమోగాయి.

పేపరు ఫొటోగ్రాఫరు వచ్చాడు. మాస్టారు అలవాటుగా కూతురికి దూరంగా జరిగి, తల మీద తువ్వాలు వేసుకోబోయారు. అమ్మాయి ఆ తువ్వాలు లాగేసి ఆయన్ని దగ్గరికి గుంజుకుంది. ఎక్కడినుంచో మబ్బు తునక వచ్చి సరస్సు మీద నీడ పరిచింది. ఫొటోగ్రాఫరు కెమెరాలోంచి చూశాడు, ఆకాశం వంక చూశాడు, పెదవి విరిచాడు.

"మాస్టారూ, కాస్త తల ఇటు వంచండి. అమ్మాయి ముఖం మీద వెలుతురు చాలడం లేదు."