సాకెట్టుకు ఒకే లోడు

వీరలక్ష్మికి భర్త మీద ఉన్న ఫిర్యాదు ఒక్కటే: ఆయన ఉండగా ఇంట్లో ఏ ప్రమాదమూ జరగదు.

వెంకటేశ్వరరావు గారు పటాన్‌చెరులో ఒక ఫ్యాక్టరీకి సేఫ్టీ ఆఫీసరు. అక్కడ పర్మిట్టు మీద ఆయన సంతకం పడనిదే ఎవరూ నిచ్చెన కూడా ఎక్కరాదు. ఇంద్రేశంలో ఇల్లు కట్టుకున్నాక ఆ భాగ్యం ఇంటికీ దక్కింది. ‘సాకెట్టుకు ఒకే లోడు’ అన్నది పెళ్లయిన కొత్తలో, అద్దె ఇంట్లోనే వెలువడిన ఉత్తర్వు. మిక్సీ తిరిగినంతసేపూ ఫ్రిజ్జు సెలవులో ఉంటుంది. ఇరవై రెండేళ్లలో ఎవరికీ షాకు కొట్టలేదు. పాలు మాత్రం అప్పుడప్పుడూ విరిగాయి.

ఇంతటి సురక్షిత వాతావరణంలో వీరలక్ష్మికి ఉద్యోగం చేయాలన్న దురాలోచన కలిగింది. చదివింది తెలుగు ఎమ్మే. బెంగళూరు పిల్లలకు ఆన్‌లైన్‌లో తెలుగు నేర్పే ఒక సంస్థ శుక్రవారం పదకొండుకు ఇంటర్వ్యూ పెట్టింది. ముఖం కనబడాలి, మాట వినబడాలి, తెర మీద అక్షరం దిద్ది చూపాలి. లాప్‌టాప్‌కు సొంత కెమెరా, మైకు ఉండేవి. ఎవరైనా చాటుగా చూస్తారనీ వింటారనీ రావుగారు కొన్ననాడే రెండింటికీ ఎంసీల్ ముద్ద పెట్టి మూసేశారు. అందుకని విడిగా కెమెరా, హెడ్‌సెట్, రాసే పలక వచ్చాయి. లాప్‌టాప్‌కు ఉన్న యూఎస్‌బీ రంధ్రం ఒక్కటే.

పక్కింటి పుష్పమ్మ తన కూతురి హబ్బు తెచ్చిచ్చింది. “ఒక దిక్కు లాప్‌టాప్‌కు పెట్టక్కా, ఇంకో దిక్కు నాలుగు పెట్టుకో. మా అంకిత రోజూ గిట్లనే జేస్తది.”

రావుగారు దాన్ని పట్టకారుతో పట్టుకుని పరిశీలించారు. “ఒక్క తీగ మీద నాలుగు లోడ్లా! ప్రాణం విలువ తెలిసినవాళ్లు చేసే పనేనా ఇది?” అని ప్రసంగించి, ఎర్ర ట్యాగు కట్టి బీరువాలో పెట్టి తాళం వేశారు. బదులుగా మూడు పర్మిట్లు మంజూరు చేశారు. కెమెరాకు ఐదు నిమిషాలు, హెడ్‌సెట్‌కు ఐదు, పలకకు ఐదు. మార్చిన ప్రతిసారీ ఆయన సంతకం.

శుక్రవారం ఆయనది రెండో షిఫ్టు. ఇసుక బకెట్టుతో సహా భార్య పక్కనే నిలబడ్డారు. ఇంటర్వ్యూ చేస్తున్న తనుశ్రీ మొదటి ఐదు నిమిషాలు వీరలక్ష్మి పెదవులు చూసింది. తర్వాత గొంతు విన్నది.

“మేడమ్, మీరు ఒకేసారి కనబడి, వినబడరా?”

“మా ఇంట్లో ఆ ఆచారం లేదండీ” అంది వీరలక్ష్మి వినయంగా.

“పది నిమిషాలు ఆగుతాను. కుదరకపోతే ఇంకొకరిని పిలుస్తాం.”

మూడో పర్మిట్టు మీద సంతకం చేయబోయి రావుగారు కళ్లు తడుముకున్నారు. “వీరా, నా కళ్లజోడేదీ?”

ఆమె తల తిప్పలేదు. “సాకెట్టుకు ఒకే లోడు కదండీ. ఇప్పుడు నాకు ఇంటర్వ్యూ పెట్టి ఉంది. కళ్లజోడుకు పర్మిట్టు లేదు.”

“పోనీ, నా బీపీ మాత్ర?”

“దానికీ లేదు. క్యారేజీకి, ఇస్త్రీ చొక్కాకి, బండి తాళానికి కూడా లేదు. వరసలో ఉండమనండి.”

ఆయన వరసలో ఉన్నారు. ఏడు నిమిషాలు గడిచాయి. ఇంట్లో ఏ వస్తువు ఎక్కడుందో తనకొక్కటీ తెలియదన్న సంగతి ఆ ఏడు నిమిషాల్లో ఆయన దృష్టికి వచ్చింది.

“సరే, ఆ హబ్బే పెడదాం. బీరువా తాళం ఎక్కడే?”

“మీ జేబులో. కళ్లజోడు ఇసుక బకెట్టులో. ఇందాక వంగినప్పుడు పడింది.”

హబ్బు పెట్టారు. ముఖం, గొంతు, అక్షరం మూడూ ఒకేసారి తెర మీదికి వచ్చాయి. ఇల్లు కాలలేదు. సోమవారం నుంచి పాఠాలు చెప్పమంది తనుశ్రీ.

ఫ్యాక్టరీలో త్రుటిలో తప్పిన ప్రతి ప్రమాదానికీ ఒక ఫారం నింపి, నలుగురి ముందు పైకి చదవాలి. రావుగారు నియమం తప్పే మనిషి కాదు. పుష్పమ్మ హబ్బు కోసం వచ్చేసరికి ఇంటికీ ఒక ఫారం నింపి పైకి చదువుతున్నారు.

“జరగబోయిన నష్టం: ఉద్యోగం. కారణం: అనవసరపు పర్మిట్లు.”

“ఎవరియి అన్నా?” అంది పుష్పమ్మ.

“అదీ... నావే.”

“అగో! గీ ఫారం మా గల్లీల ఇంటికొకటి పంచు అన్నా. ఇంకో కట్ట తెప్పియ్యాలె గావచ్చు.”

ఆఖరి గడి మిగిలింది: ఇలాంటిది ఇంతకు ముందు జరిగిందా? రావుగారు తల తిప్పి చూశారు. వంటింట్లో మిక్సీ తిరుగుతోంది. ఫ్రిజ్జు సెలవులో ఉంది. వీరలక్ష్మి మిక్సీ ఆపి, వినడానికి గుమ్మంలోకి వచ్చింది.

“జరిగింది” అన్నారాయన. “ఇరవై రెండేళ్లుగా, రోజూ. తప్పు నాదే.”