ఫ్రెంచి మేనమామకు గండం

ఆ ఆదివారం పొద్దున ఉప్పుగూడ గుమాస్తా బాలనర్సింహ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఫ్యాక్టరీలో మిషను బిగించడానికి వచ్చిన ఫ్రెంచి ఇంజనీరుకు చార్మినార్ చూపించాలి, ఆఫీసరు రామలింగయ్య ముందు నాలుగు ఫ్రెంచి ముక్కలు మాట్లాడాలి, దుబాసీ పోస్టు కొట్టాలి. సాయంత్రం ఫ్రెంచి క్లాసుల్లో అతనికి నోటికి వచ్చింది మాత్రం ‘రేపటి సంగతులు’ అనే పాఠం ఒక్కటే.

"గంతే వస్తదని ఆఫీసర్‌కు ముందే చెప్పరాదు?" అంది భార్య రాజమణి.

"ఫికర్ చెయ్యకు. గాయన చూసుడే ఎక్కువ, మాట్లాడుడు తక్కువ."

తీరా అక్కడికి వెళ్లాక ఇంజనీరు మీనార్లను వదిలేసి చిలకజోస్యం మొగులయ్య ముందు చతికిలబడ్డాడు. చిలక బయటికొచ్చి ఒక కార్డు లాగింది.

"దొరకు మస్తుగుంది. ఆడపిల్ల పుడ్తది, లచ్చిమి వస్తది" అన్నాడు మొగులయ్య.

"ఫ్రెంచిల చెప్పవయ్యా" అన్నాడు రామలింగయ్య.

ఆడపిల్లకూ లక్ష్మికీ బాలనర్సింహ దగ్గర మాటల్లేవు. నోరు మూసుకుంటే పోస్టు పోతుంది. అందుకని కళ్లు మూసుకుని పాఠం అప్పజెప్పాడు. రేపు మీ మేనమామకు జబ్బు చేస్తుంది. మీరు రైలెక్కుతారు. డాక్టరు వస్తాడు, కానీ ఆలస్యంగా వస్తాడు. చిలక కనీసం కార్డు చూసి తీసింది, తనకు ఆపాటి తెలివీ లేదని అతనికే అనిపించింది.

ఇంజనీరు తెల్లబోయి హోటలుకు పరుగెత్తాడు. సాయంత్రానికి రామలింగయ్య నుంచి కబురొచ్చింది. బాలనర్సింహ మొగులయ్యను సాక్ష్యానికి వెంటబెట్టుకుని వెళ్లాడు.

"ఏం జెప్పినవయ్యా? మిషను బిగించెటోడు పెట్టె సదురుకుంటుండు."

"చిలక చెప్పిందే చెప్పిన సార్."

"నా చిలక గట్ల చెప్పలే సార్" అన్నాడు మొగులయ్య.

పోస్టు సరే, ఉన్న గుమాస్తాగిరీ ఊడేలా ఉంది. మర్నాడు బాలనర్సింహ భయంభయంగా ఆఫీసుకు వెళ్లేసరికి ఇంజనీరు ఎదురొచ్చి కావలించుకున్నాడు. ట్రంకాల్ దొరికిందట. మేనమామ నిజంగానే మంచాన పడ్డాడట, డాక్టరూ ఆలస్యంగానే వచ్చాడట, ఇప్పుడు కులాసాయేనట. ఇతను దుబాసీ కాదు, మహాజ్ఞాని అని ఇంజనీరు వచ్చీరాని ఇంగ్లీషులో అందరికీ చాటాడు.

"గింత పెద్దమనిషితోని దుబాసీ పని చేపిచ్చుడు తప్పు" అని రామలింగయ్య ఆ పోస్టు ఇంకొకరికి ఇచ్చేశాడు. ఆ తర్వాత తలుపు దగ్గరికి వేసి, తన అరచెయ్యి చాపాడు.

ఆనాటి నుంచి ఆఫీసులో ఎవరి ప్రమోషన్ ఎప్పుడో బాలనర్సింహే చెబుతూ వచ్చాడు, ఒక్క తనది తప్ప.