తరుగు లెక్క

సృష్టిలో ప్రతి పదార్థానికీ ఒక స్థితి ఉంటుంది. ప్రతి స్థితికీ స్టోర్స్‌లో ఒక కిటికీ ఉంటుంది. మహాశక్తి లేజర్ పరిశోధన సంస్థ ఈ రెండు సూత్రాల మీదే నడుస్తోంది. (మొదటిది శాస్త్రవేత్తలది, కావాలంటే మార్చుకోవచ్చు. రెండోది స్టోర్స్ ఆఫీసరుది.)

ఆ సాయంత్రం లేజర్ వాడుకునే వంతు పరిశోధకురాలికి వచ్చింది. తప్పిపోతే మళ్లీ వచ్చే ఏడాదే. ఆమెకు కావలసిందల్లా ఆవగింజలో సగం లేని బంగారు రేకు ముక్క. దాన్ని అక్కడ టార్గెట్ అంటారు. లేజర్ తగిలితే అది రెప్పపాటులో నక్షత్రం గుండెంత వేడెక్కుతుంది. పోయినసారి ఇచ్చిన ముక్క అలాగే హరీమంది.

“పాతది అప్పగిస్తేనే కొత్తది,” అన్నాడు స్టోర్స్ ఆఫీసరు. ఆయన ఆమె భర్తకు స్వయానా అన్న.

“ఇంకెక్కడి పాతది బావగారూ! మాయమైపోయిందిగా.”

“ఆఫీసులో బావగారు లేడమ్మా, ఆఫీసరే ఉన్నాడు. ఆవిరైపోతే మూడో కిటికీకి వెళ్లు.”

“ఆవిరి కాదండీ, ప్లాస్మా. అది నాలుగో స్థితి.”

ఆయన తల బయటికి పెట్టి కిటికీలు లెక్కపెట్టాడు. ఘనం, ద్రవం, వాయువు. “నాలుగో కిటికీ లేదు. కాబట్టి ఆ స్థితీ లేదు.”

ఆమెకు ఏడుపొక్కటే తక్కువ. పరుగున ప్రయోగశాలకు వెళ్లి, ఒక ఖాళీ సీసాకు మూత బిగించి తెచ్చింది. “ఇదిగోండి, దొరికినంత పట్టుకొచ్చాను.”

ఆయన సీసాను వెలుతురుకు పెట్టి చూశాడు. చెవి దగ్గర ఊపాడు. తూకం కూడా వేయించాడు.

“తరుగు కనబడుతోందే?”

“బంగారమన్నాక తరుగుండదా?”

“ఉంటుంది. ఎక్కడికి పోయిందో చెప్పాలి.”

“ఎక్కడికి పోతుందండీ! గదిలో ఐదుగురం ఉన్నాం, పీల్చేసి ఉంటాం,” అని ఆమె నోరు జారింది.

“అలా చెప్పు మరి!” ఆయన మొహం చాటంతయింది. లెక్క కుదిరితే ఆయనంత మంచివాడు లేడు. కొత్త టార్గెట్‌ను రెండు చేతులా అందిస్తూ, “గీత పడకుండా చూసుకో తల్లీ,” అన్నాడు.

ప్రయోగం దివ్యంగా జరిగింది. ఇంతవరకు ఎవరూ చూడని స్థితిలో పదార్థాన్ని చూసి ఐదుగురూ చిన్నపిల్లల్లా గంతులేశారు. ఆమె ఆనందానికి పట్టపగ్గాల్లేవు.

మర్నాడు ఉత్తర్వు వచ్చింది. సంస్థవారి బంగారం నిల్వ ఉన్నందున, సదరు ఐదుగురి ఊపిరితిత్తులను స్టోర్స్ సామగ్రిలో చేర్చడమైనది. ఉద్యోగకాలమంతా వాటిని నిరభ్యంతరంగా వాడుకోవచ్చు. పదవీ విరమణ నాడు అప్పగించినవారికే పింఛను.