తాళం వేసిన గది నుంచి ఫిర్యాదులు

ముందొక యంత్రం, వెనకొక యంత్రం పెట్టి, వచ్చినవాళ్ల ఆనవాలు వెనక్కి అందించడం మరిచిన మహానుభావుల్లారా! నీటి సరఫరా ఆఫీసులో జరిగిన భాగోతానికి మీరే బాధ్యులు.

ఆ ఉదయం అధికారిగారి పథకం చాలా చిన్నది. పదింటికల్లా వెబ్‌సైటులోని ఫిర్యాదులన్నీ పరిష్కారమైపోయాయని పైకి రాసి పంపడం. తీరా చూస్తే నాలుగు వందల పన్నెండు కొత్తవి. పేర్లు లేవు. అన్నీ ఒకే ఐపీ చిరునామా నుంచి, అంటే ఒకే కంప్యూటర్ నుంచి వచ్చాయి. ఆఫీసు జాబితాలో దాని ఎదురుగా ఉన్న పేరు చూసి ఆయన, కంప్యూటర్లు చూసే ఆవిడని కేకేశాడు.

"ఇది మన పెద్ద గుమాస్తా కంప్యూటర్ కదమ్మా! ఆయన పోయి మూడేళ్లయిందే!"

ఆవిడ వెళ్లి చివరనున్న గుమాస్తా గది తాళం తీసింది. ఆమె చాటున అధికారి. ఖాళీ కుర్చీ. నేలమీది దుమ్ములో ఒక్క అడుగుజాడ లేదు. బల్ల కింద కంప్యూటర్ మాత్రం జ్వరమొచ్చిన ఒంటిలా కాలిపోతోంది. దాని పచ్చదీపం మిణుకుమంది. కొత్త ఫిర్యాదు వచ్చి అధికారి ఫోన్ టింగుమంది. 'పాపకి స్నానం చేయించి నాలుగు రోజులైంది.' మళ్లీ మిణుకు. 'ఉన్నావా, పోయావా?'

"బతికున్నప్పుడు ఒక్క కాగితం కదిలించలేదు. పోయాక ఇంత పని చేస్తున్నాడేంటి?" అన్నాడు అధికారి.

"ఆయన కాదు సార్. ఆయన పోయాక దీన్ని వెబ్‌సైటుకి వాకిలిగా పెట్టారు. జనమంతా దీని ద్వారానే లోపలికొస్తారు. లోపలి యంత్రానికి దీని మొహమే కనబడుతుంది."

"ఈ గది తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది?"

"నా దగ్గరే."

"అయితే గుమాస్తా కాకపోతే నువ్వే! మధ్యాహ్నంలోగా ఎవరో తేల్చు. లేకపోతే నీ ఉద్యోగం ఊడినట్టే. ముందు ఆ చిరునామాని లోపలికి రానివ్వకు!"

"దాన్ని ఆపితే ఊరంతా ఆగిపోతుంది సార్."

"ఆపమన్నాను కదా!"

ఆపింది. టింగులు ఆగాయి. అధికారి ఊపిరి పీల్చుకున్నాడు. అరగంటకి వెబ్‌సైటు తెరుచుకోని జనం ఖాళీ బకెట్లతో మెట్లెక్కి వచ్చారు. అరవలేదు, తిట్టలేదు. గోడ పొడుగునా నిలబడి రెప్పవేయకుండా ఆయన్నే చూశారు.

ఈలోగా ఆవిడ తన పని తను చేసుకుపోయింది. అడ్డు తీసేసింది. వచ్చినవాళ్ల అసలు చిరునామా రాసి పంపమని ముందు యంత్రానికి చెప్పింది. ఆ విషయంలో ఈ ఒక్కదాని మాటే నమ్మమని వెనకదానికి చెప్పింది. పాత ఫిర్యాదుల ఆనవాళ్లు ముందు యంత్రం దస్త్రంలోనే ఉన్నాయి. వేళలు సరిచూసి బయటికి తీసింది.

"గుమాస్తా కాదు, నేనూ కాదు సార్. మూడు వందల చిల్లర చిరునామాలున్నాయి. ఒక్క చోటి నుంచి మాత్రం ముప్ఫై ఒకటి. అన్నిటికంటే ఘాటైనవి అవే."

"పట్టుకో వాణ్ణి!"

"మీరు ఇంటి నుంచి పని చేసుకోవడానికి ఆఫీసులో రాయించుకున్న చిరునామా సార్ ఇది. మీ ఇల్లే."

అధికారి ఇంటికి ఫోన్ చేశాడు.

"అవును, నేనే రాశా," అంది భార్య, గదంతా వినిపించేలా. "మొహానికి సబ్బు రాసుకుని నీళ్లాగిపోయాయని అరుస్తుంటే వినిపించుకోకుండా వెళ్లిపోయారు. ఇంట్లో చెప్తే 'చూద్దాం' అంటారు. అందుకే ఆఫీసులో పెట్టా."

అధికారి ఫోన్ జేబులో పెట్టుకుని గొంతు తగ్గించాడు. "ఈ సంగతి బయటికి పొక్కనివ్వకు. నీ ఉద్యోగానికి ఢోకా లేదు."

"నా ఉద్యోగం సరే సార్. ఇప్పుడే, ఈ నిమిషమే నీళ్లు వదలమనండి. అవతల అమ్మగారి కళ్లు మండుతున్నాయి."