స్వల్ప గాయాల బాబాయి

మనిషికి తగిలిన దెబ్బ ఎంతో నిర్ణయించే అధికారం దెబ్బ తిన్నవాడికి ఉండకూడదు. వాడు పక్షపాతి. మా చిన్నతనంలో ఆ బాధ్యతను దినపత్రికలు నెత్తిన వేసుకుని, 'స్వల్ప' అనే ఒక్క మాటతో దేశాన్నంతా ప్రశాంతంగా ఉంచాయి. స్వల్ప అగ్నిప్రమాదం, స్వల్ప తొక్కిసలాట, స్వల్ప లాఠీచార్జి. (లాఠీలు మాత్రం మామూలు కొలతవే.)

నేను కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నది ఆ పత్రికల మీదే. మిల్లులో బెల్టు తెగి మా బాబాయి కుడికాలు నుజ్జయిన మర్నాడు, "ఒక కార్మికునికి స్వల్ప గాయములు" అన్న వార్తను గోడ అవతలి వాటాలోకి వెళ్లి చదివి వినిపించింది నేనే.

"పోనీలే, పేపర్లో వేశారంటే నిజమే అయ్యుంటుంది" అని పిన్ని ఊపిరి పీల్చుకుంది.

"అయితే ఆ రాసినవాణ్ణి వచ్చి నా బదులు నిలబడమను" అన్నాడు మంచం మీంచి బాబాయి.

మిల్లు మేనేజరు కూడా పత్రిక చదివేవాడే. స్వల్ప గాయాలకు సెలవు ఈ వారంతో సరి, సోమవారం రాకపోతే ఉద్యోగమూ, మిల్లు ఇచ్చిన వాటా రెండూ పోతాయని కబురు పెట్టాడు. పిన్ని డాక్టరు చీటీ పట్టుకెళ్లింది.

"డాక్టరు చూసింది ఒక్క కాలు. పేపరు చదివింది ఊరంతా. ఎవరి మాట నమ్మనమ్మా?" అన్నాడాయన.

పిన్ని నన్ను వెంటబెట్టుకుని పత్రికాఫీసుకు వెళ్లింది. సిరా వాసన వేసే గదిలో ఉపసంపాదకుడు టీ తాగుతున్నాడు.

"కాలే తీసేస్తామంటున్నారు డాక్టర్లు. మీరు ఒక్క మాట తీయలేరా బాబూ?"

"'తీవ్ర' వెయ్యాలంటే పద్ధతుందమ్మా. కనీసం ముగ్గురికి తగలాలి. లేదా ఆ ఒక్కడూ పెద్దమనిషై ఉండాలి. మొన్న మంత్రిగారికి జలుబు చేస్తే తీవ్ర అస్వస్థత అని వేశాం."

"మిషను దగ్గర ఉన్నది మా ఆయనొక్కడే కదండీ!"

"అదే వచ్చింది చిక్కు. పక్కన ఇంకో ఇద్దరుంటే ఎంత బావుండేది!" అని ఆయన నిజంగానే బాధపడ్డాడు.

పిన్ని బల్ల అంచు పట్టుకుని కదలకుండా నిలబడింది. చివరికి సవరణ వేస్తానని ఒప్పుకున్నాడు. మర్నాడు తలనూనె ప్రకటన కింద పడింది: "మిల్లు ప్రమాద వార్తలో స్వల్ప పొరపాటు దొర్లినది. చింతించుచున్నాము." పొరపాటు ఏమిటో చెప్పలేదు. (చోటు చాలక.)

మేనేజరు దాన్ని శ్రద్ధగా రెండుసార్లు చదివాడు.

"అంటే, మొదట వేసినంత కూడా తగల్లేదన్నమాట."

సోమవారం వచ్చింది, బాబాయి లేవలేదు. ఆయన్ను బండిలో సామాన్ల మధ్య పడుకోబెట్టుకుని పిన్ని పుట్టింటి ఊరికి బయల్దేరింది. "మళ్లీ వస్తాంలేవే, ఏడవకు" అంది నాతో. రాలేదు. గోడ అవతల ఎవరో కొత్తవాళ్లు దగ్గసాగారు.

చాలా కాలం నేను రోజూ పత్రిక మొదటి పేజీ నుంచి చివరిదాకా వెతికాను. వాళ్లు ఇల్లు ఖాళీ చేసి వెళ్లిన సంగతి ఎక్కడా పడలేదు. స్వల్పానికన్నా చిన్నవాటికి అప్పట్లో మాట ఉండేది కాదు.